ఉప్పు చూసే ముక్కు

నా రిటైర్మెంట్ రోజు కాలేజీలో శాలువా కప్పి, వెండి సరస్వతి ప్రతిమ ఇచ్చారు. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఒక విస్కీ సీసా చేతిలో పెట్టింది. "ముప్ఫై ఏళ్ళు రససిద్ధాంతం పాఠం చెప్పావు కదమ్మా. ఆస్వాదన, చర్వణ అని బోర్డు మీద రాయడమేనా? ఒక్కసారి చేసి చూడు" అంది. నవ్వాను కానీ నా చెయ్యి వణికింది. సీసా తీసుకెళ్ళి పుస్తకాల బీరువాలో శబ్దరత్నాకరం వెనక పెట్టాను. నాలుగు నెలలు అక్కడే ఉంది.

దాచడానికి కారణం మా అమ్మ. ఎనభై ఏళ్ళ మనిషి, నా దగ్గరే ఉంటుంది. నా చిన్నతనంలో మా ఇంట్లోకి సీసా ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. దానితో మా నాన్న వచ్చేవాడు, ఆయనతో ఒక రాత్రి వచ్చేది. నాన్న పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అయినా అమ్మ ఉన్న ఇంట్లో సీసా మూత తియ్యాలంటే నాకు ధైర్యం చాలలేదు.

ఈ వ్యాసం ఎవరినీ తాగమని చెప్పడానికి కాదు, మానమని చెప్పడానికీ కాదు. విస్కీ రుచి చూడటం చుట్టూ ఒక సాహిత్యం పెరిగింది. టేస్టింగ్ నోట్స్ అంటారు. ముక్కుకి ఏం తగిలింది, నాలుక మీద ఏం తెలిసింది, మింగాక ఏం మిగిలింది అని మూడు భాగాలుగా రాస్తారు. పుస్తకాలున్నాయి, మార్కులున్నాయి, ప్రామాణికులున్నారు. విమర్శ రాసి బతికినదాన్ని కనక దాన్ని కూడా ఒక రచనా ప్రక్రియగా చదవాలనిపించింది. అయితే మూలం చదవకుండా వ్యాఖ్యానం మీద వ్యాఖ్యానం రాయడం నేను విద్యార్థులకి వద్దని చెప్పే పని. అందుకని సీసా బయటికి తీశాను.

అది బెంగుళూరులో తయారయ్యే అమృత్ సింగిల్ మాల్ట్. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి చేసి, వేడినీళ్ళలో కలిపి, ఆ తియ్యటి నీటిని పులియబెట్టి, రాగి పాత్రల్లో బట్టీ పట్టి, ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచితే సింగిల్ మాల్ట్ అవుతుంది. బట్టీ పట్టడం ఒకే డిస్టిలరీలో జరగాలి, మాల్ట్ చేసిన బార్లీ తప్ప ఇంకో ధాన్యం కలవకూడదు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ కలిసినదీ ఉంటుంది. ఆ స్పిరిట్‌కీ దీనికీ తేడా ఉంది. నన్ను ఆపింది మాత్రం ఆ క్రియాపదాలు. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. రోజూ మన చేతుల్లో జరిగే పనులే. వంటింట్లో జరిగితే చాకిరీ, డిస్టిలరీలో జరిగితే కళ.

అమృత్ కంపెనీ 1948లో మొదలైంది. తన సింగిల్ మాల్ట్‌ని మొదట అమ్మకానికి పెట్టింది మాత్రం 2004లో, స్కాట్లాండులోని గ్లాస్గోలో. మన రచనని మనం గుర్తించడానికి ముందు బయటివాళ్ళు మెచ్చుకోవాలన్న పద్ధతి ఇక్కడా ఉంది. ఇంగ్లండుకి చెందిన జిమ్ మర్రే తన విస్కీ బైబిల్ 2010 సంచికలో అమృత్ వారి ఫ్యూజన్ అనే విస్కీని ప్రపంచంలో మూడో స్థానంలో నిలబెట్టాక దీని పేరు మోగింది. ఈ మర్రే దగ్గరికి మళ్ళీ వస్తాను.

దీన్ని అందుబాటు ధర సింగిల్ మాల్ట్ అంటారు. రెండు మామూలు మంగళగిరి చీరలకయ్యే డబ్బు. ఎవరికి అందుబాటు అని అడగాల్సిన ప్రశ్నే. ఆ ప్రశ్నని మా ఇంట్లో పనిచేసే ఆమె నాకంటే బాగా అడిగింది, అదీ చెబుతాను.

అమ్మ నిద్రపోయాక, మూడు రాత్రులు, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రుచి చూశాను. తాగడానికి కాకుండా రుచి చూడటానికి పద్ధతి ఉంది. గ్లాసు కింద వెడల్పుగా, పైన మూతి ఇరుకుగా ఉండాలి. పావు వంతు కంటే తక్కువ పొయ్యాలి. ముక్కు గ్లాసులో దూర్చకుండా, నోరు కొంచెం తెరిచి, దూరం నుంచి దగ్గరికి తెచ్చుకోవాలి. ఒక గుక్కెడు నోట్లో అటూ ఇటూ తిప్పాలి. తర్వాత నాలుగైదు చుక్కల మంచినీళ్ళు కలిపి మళ్ళీ మొదటినుంచి. ఈ సీసాలో ఉన్నది నూటికి 46 పాళ్ళ ఆల్కహాల్. నీళ్ళు పడితే ఆ ఘాటు తగ్గి, వెనక ఉన్న వాసనలు ముందుకొస్తాయి.

మొదటి రాత్రి నాకు మంట తప్ప ఇంకేం తెలియలేదు. రెండో రాత్రి పెనం మీద వేగుతున్న గింజల వాసన, తేనె లాంటి తీపి. మూడో రాత్రి నీళ్ళ చుక్కలు పడ్డాక లవంగం, మిరియం, మింగాక నోట్లో వగరు. అంతే రాయగలిగాను. నేను చదివిన నోట్స్‌లో అయితే ఒక్కో విస్కీకి పది పదిహేను పేర్లు. నారింజ మార్మలేడ్, హీదర్ పూలు, క్రిస్మస్ కేకు, తోలు కుర్చీ, సిగార్ పెట్టె. 1970ల చివర ఎడిన్‌బరోలో పరిశోధకులు ఈ వాసనలకి ఒక చక్రం తయారుచేశారు. పరిశ్రమలో పనిచేసేవాళ్ళు ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేలా ఒక ఉమ్మడి భాష కావాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ వాసనకి పేరు పెట్టడం అంటే ఒక జ్ఞాపకాన్ని పిలవడం. హీదర్ పూలు నేనెప్పుడూ చూడలేదు. చదివి తెలుసుకున్న వాసనలతో నా అనుభవాన్ని రాసుకోవడం, డాఫొడిల్స్ మీద పరీక్ష రాసిన మన తరానికి కొత్తేమీ కాదు.

ఈ సాహిత్యంలో 'నేను' ఎవరు? తోలు కుర్చీ, సిగార్ పెట్టె అన్నప్పుడే గది ఎవరిదో తెలిసిపోతోంది. అది మాటల్లోనూ బయటపడింది. 2020 సెప్టెంబరులో బెకీ పాస్కిన్ అనే విస్కీ రచయిత్రి, జిమ్ మర్రే పుస్తకం 2021 సంచికలో విస్కీ రుచిని స్త్రీ శరీరంతో, శృంగారంతో పోల్చిన చోట్లని లెక్కపెట్టి బయటపెట్టింది. అవి ఒకటీ రెండూ కాదు, డజన్లు. కొందరు వర్తకులు ఆ పుస్తకం అమ్మడం ఆపేశారు, పెద్ద కంపెనీలు ఆ భాషని తప్పుపట్టాయి. మర్రే ఆరోపణని ఒప్పుకోలేదు, ఇది భావప్రకటన స్వేచ్ఛ మీద దాడి అన్నాడు. మనం ఎన్నిసార్లు విన్న సమాధానం ఇది! 1993లో నీలిమేఘాలు సంకలనం వచ్చిన రోజుల్లో స్త్రీలు తమ శరీరం గురించి తామే రాస్తే నీలి కవిత్వం అన్నారు. స్త్రీ శరీరాన్ని పురుషుడు పానపాత్ర చేస్తే రసికత, స్త్రీ తన శరీరం గురించి తను చెబితే బూతు. సీసాల మీది భాషకీ మన ప్రబంధాల మీది వ్యాఖ్యానాలకీ ఈ విషయంలో పెద్ద దూరం లేదు.

బూతు తీసేస్తే ఆ భాష బాగుపడుతుందా అన్నది నా అసలు అనుమానం. మా అమ్మాయి వేళాకోళంగా అన్న రససిద్ధాంతం ఇక్కడ పనికొచ్చింది. రసాన్ని వివరించడానికి భరతుడు నాట్యశాస్త్రంలో భోజనాన్నే పోలికగా తీసుకున్నాడు. నానా వ్యంజనాలతో వండిన అన్నం తింటూ మంచి మనసున్న పురుషులు రుచుల్ని ఆస్వాదించినట్టు అంటాడు. అక్కడున్న మాట 'పురుషులు' అనే. ముప్ఫై ఏళ్ళు ఆ వాక్యం చెప్పాను. ఆ అన్నం వండింది ఎవరని నేనూ అడగలేదు, నా విద్యార్థినులూ అడగలేదు. రుచి చూసేవాడు సహృదయుడు. వండినది ఆ పోలికలో ఎక్కడా లేదు.

విస్కీ చరిత్రలో కూడా ఆమె పొగచాటునే ఉంది. 1811లో స్కాట్లాండులో కార్డో అనే పొలాన్ని కౌలుకి తీసుకున్న కుటుంబంలో హెలెన్ కమింగ్ లైసెన్సు లేకుండా విస్కీ కాచేది. పన్నుల అధికారులు వస్తే మాల్ట్ వాసన కప్పెయ్యడానికి రొట్టెలు కాల్చేది. వాళ్ళని భోజనానికి కూర్చోబెట్టి, చుట్టుపక్కల కాచేవాళ్ళకి తెలిసేలా ఎర్రజెండా ఎగరేసేదట. లైసెన్సు తీసుకున్నది 1824లో, భర్త పేరు మీద. తర్వాత కోడలు ఎలిజబెత్ దాన్ని పెంచి 1893లో జానీ వాకర్ కంపెనీకి అమ్మింది. బాటిల్ మీద నడిచే మగమనిషి బొమ్మ అందరికీ తెలుసు. అధికారుల ముక్కుని రొట్టె వాసనతో మోసగించిన ఆడమనిషి ఎవరికి తెలుసు? ఏ వాసన దేన్ని కప్పుతుందో ఆమెకి తెలుసు కదా. ఆ విద్యని ఏ పుస్తకమూ టేస్టింగ్ అనలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. 1992లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మాది నెల్లూరు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన కథ అప్పటికే వాచకాల్లో పాఠమై ఊరూరా తిరుగుతోంది. వర్ధినేని రోశమ్మ పేరు అందరి నోటా ఉంది. స్త్రీలు చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా ప్యాకెట్ల వేలంపాటల్ని ఆపుతున్నారు. సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ రెండు మూడు ఊళ్ళు తిరిగాను, నినాదాలిచ్చాను. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది.

మా ఇంట్లో ఏమీ ఆగలేదు. మా నాన్న ప్రభుత్వ గుమాస్తా. ఆయన తాగేది సారా కాదు, బ్రాందీ. అది సారా దుకాణంలో దొరకదు, ప్యాకెట్లలో రాదు. మా అమ్మ వీధిలోకి రాలేదు. సారా తాగేవాడి భార్యకి దెబ్బ తగిలితే వాడంతా వింటుంది, వాడంతా కదులుతుంది. గుమాస్తా భార్యకి తగిలితే కిటికీ మూసుకోవాలి. నేను పొరుగూళ్ళో ఉద్యమానికి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చి ఆ కిటికీ మూసేదాన్ని. ఈ మాట ముప్ఫై ఏళ్ళకి పైగా ఎక్కడా రాయలేదు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాక అమ్మకి కొంత ఊపిరి తిరిగింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

మన కథల్లో ఈ వాసనకి ఒకటే మాట, కంపు. కంపు వచ్చిందంటే భర్త వచ్చాడని అర్థం. ఆ మాట అబద్ధం కాదు, వేలమంది స్త్రీల అనుభవం. కానీ నేను చదివినంతలో మధ్యతరగతి స్త్రీ నాలుకకీ ముక్కుకీ మద్యం గురించి ఇంకో వాక్యం లేదు. భర్త వాసన ద్వారానే ఆమెకి అది తెలియాలి. కింద కులాల, ఆదివాసీ స్త్రీల జీవితాల్లో ఇంకో వాక్యం ఉంది, దాన్ని మనం సాహిత్యంలో సరిగ్గా రాసుకోలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమెది నల్గొండ వైపు. నాలుగో సాయంత్రం నేను గ్లాసు ముందు పెట్టుకుని నోట్‌బుక్కులో రాసుకుంటుంటే చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "గిదేం తాగుడమ్మా? వాసన చూస్తున్రు, రాస్తున్రు, మళ్ళ వాసన చూస్తున్రు. పరీక్ష రాసినట్టున్నది. మేం కల్లు తాగితే నలుగురం కూసోని ముచ్చట వెట్టుకుంట తాగుతం" అంది. ధర చెప్పాను. "గా పైసలకు మా బోనాల పండుగ ఎల్లిపోతది" అని చీపురు తీసుకుంది. బోనాలకి అమ్మవారికి కల్లు సాక పోసే చేతులవి. ఆమె జీవితంలో కల్లుకి పండగ ఉంది, తగాదా ఉంది, తాగి పడిపోయిన అన్న ఉన్నాడు, అన్నీ ఉన్నాయి. ఆమెకి రహస్యం మాత్రం లేదు. అర్ధరాత్రి తలుపేసుకుని రుచి చూసింది నేను.

అమ్మ లేచి వచ్చింది కూడా ఆ సాయంత్రమే. నేను గ్లాసు దాచే లోపు గుమ్మంలో నిలబడింది. "ఏందమ్మే అది?" అంది. చెప్పాను. కేకలేస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని "ఇట్లా తే" అంది.

మా అమ్మ ముక్కు గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళింట్లో మడి వంట. దేవుడికి పెట్టేదాన్ని ముందు నోట్లో వేసుకుంటే ఎంగిలి. అందుకని ఆ ఇంటి ఆడపిల్లలు ఉడుకుతున్న పప్పు మీద వంగి, ఆవిరి పీల్చి ఉప్పు చాలిందో లేదో చెప్పేవాళ్ళు. అమ్మ పదేళ్ళకే నేర్చుకుంది. ఇప్పటికీ తప్పదు. రుచి చూసే హక్కు లేకపోవడం వల్ల వచ్చిన విద్య అది. రెండోది పెళ్ళయ్యాక వచ్చింది. వీధి గేటు చప్పుడయ్యాక, గుమ్మం దాకా ఆయన వచ్చే లోపల, గాలిని బట్టి ఆ రోజు ఎంత పడిందో, పిల్లల్ని ఏ గదిలో పడుకోబెట్టాలో తేల్చుకునేది. ఒక విద్య ఆచారం నేర్పింది, ఒకటి భయం నేర్పింది. ప్రపంచంలో ఏ టేస్టింగ్ శిక్షణా ఇంత కఠినంగా ఉండదు.

గ్లాసు ముక్కుకి దూరంగానే పట్టుకుంది. నేను నేర్చుకున్న పద్ధతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కళ్ళు మూసుకుని, "అరిసెల పాకం. కాస్త ముదిరింది" అంది. కాసేపాగి, "వెనక ఎండుకొబ్బరి. వానకి తడిసిన కొత్త తలుపు చెక్క" అంది. నేను రాసుకుంటున్నాను. ఓక్ చెక్కలో ఉండే లాక్టోన్ల వల్ల విస్కీకి కొబ్బరి వాసన వస్తుందని శాస్త్రం చెబుతుంది. మూడు రాత్రులు కూర్చున్నా నాకు దొరకనిది ఆవిడకి ఒక్క పీల్పులో దొరికింది. ఆనందంతో "ఇంకా?" అన్నాను, విద్యార్థిని అడిగినట్టు.

"ఇంకేముంది. అడుగున అదే. ఎంత పాకం పోసినా అడుగున అదే ఉంది. మూత పెట్టు" అని లేచి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నేను చదివిన నోట్స్ చాలావాటిలో ఆ అడుగున ఉన్నది లేదు. పళ్ళు, పూలు, తేనె, పొగ, చెక్క, తోలు అన్నీ ఉంటాయి. ఆల్కహాల్ మాత్రం ఉండదు. మహా అయితే కొంచెం ఘాటు అని ఒక మాట. దేన్ని అమ్ముతున్నారో దాని పేరే రాయని సాహిత్యం అది. బెంగుళూరు ఎండకి పీపాల్లోంచి ఏడాదికి నూటికి పది పన్నెండు పాళ్ళు ఆవిరైపోతుందట, స్కాట్లాండులో అయితే రెండు పాళ్ళే. దానికి దేవదూతల వాటా అని ముద్దుపేరు. మా నాన్న జీతంలో ఆవిరైపోయిన వాటాకి మా ఇంట్లో ఏ పేరూ లేదు. పేదవాడు తాగితే తాగుబోతు, డబ్బున్నవాడు పేర్లు చెప్పుకుంటూ తాగితే రసజ్ఞుడు. ఆ పేర్ల పట్టికే రెండో వాడిని మొదటి వాడి నుంచి వేరుచేస్తుంది. మా నాన్న బ్రాందీ ఆ దారిలో మధ్యన ఎక్కడో ఉండిపోయింది.

అయితే అమ్మ చెప్పినదాంట్లో చివరి వాక్యమొక్కటే తీసుకుని మిగతావి వదిలేస్తే నేను మళ్ళీ అన్యాయం చేసినట్టే. అడుగున అదే ఉందని చెప్పిన మనిషే పాకం ముదిరిందనీ చెప్పింది. భయం నేర్పిన ముక్కు కొబ్బరిని మర్చిపోలేదు. ఆవిడని బాధితురాలిగా మాత్రమే రాస్తే ఆ కొబ్బరి పోతుంది. రసజ్ఞురాలిగా మాత్రమే రాస్తే ఆ రాత్రులు పోతాయి. స్త్రీలు విస్కీ గురించైనా, కవిత్వం గురించైనా రాసే విమర్శకి రెండూ ఉండాలనిపిస్తోంది. పై వాసన చెప్పగలగాలి, అడుగున ఉన్నదీ చెప్పాలి.

సీసా మళ్ళీ బీరువాలో పెట్టాను. ఈసారి శబ్దరత్నాకరం వెనక కాదు, ముందే. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున పప్పు మీద వంగి ఆవిరి పీల్చి, "ఉప్పు తక్కువైంది" అంది. నేను గరిటెతో కొంచెం అరచేతిలో వేసుకుని నాకాను. నిజంగానే తక్కువైంది. గరిటె ఆవిడ ముందుకి చాపాను. "నువ్వూ నోట్లో వేసుకుని చూడమ్మా" అన్నాను. ఎనభై ఏళ్ళ మనిషి దేవుడి గది వైపు ఒకసారి చూసి, చెయ్యి చాపింది.